మూడో గేర్లో మాట్లాడదు

షువైఖ్ సనాయాలో మా షెడ్డు.
పొద్దున ఏడుకే నలభై రెండు డిగ్రీలు.
ఓబులేసు జీఎమ్సీ తెచ్చి నిలబెట్టి
దిగకుండానే అన్నాడు,
"ఏడుస్తా ఉందన్నా బండి."

ఏడవడమంటే ఎట్లా?
రుబ్బురోలు మాదిరా, తుమ్మెద మాదిరా,
తడిగుడ్డ చింపినట్టా?
శబ్దానికి పేరు పెట్టకుండా బోల్టు ముట్టుకోకూడదని
నాకు పని నేర్పిన సబ్రీ ఉస్తాద్ పెట్టిన కట్టడి.
వాడు తల గోక్కుని, నొసలు చిట్లించి
"రాయచోట్లో మా చిన్నత్త పిండిమర," అన్నాడు,
"గింజలు అయిపోయినాక ఉత్తినే తిరిగేటప్పుడు."
చాలు. సగం పని వాడే చేసిపెట్టాడు.

పక్క సీట్లో కూర్చున్నా. ఏసీ ఆపించా. రేడియో ఆపించా.
అద్దాలు దించితే పొయ్యి మూత తీసినట్టు గాలి.
ఎడమ చెవిని నట్లు విప్పే గన్నుకి ఎప్పుడో ఇచ్చేసుకున్నా,
కుడి చెవితోనే నా సంసారం.
పార్కులో ఉంచి రేసు ఇచ్చాడు.
ఏమీ లేదు. అయితే పంపు తప్పు కాదు.
ఒకటో గేరు. సన్నగా అందుకుంది.
రెండు. గొంతు పెంచింది.
మూడు
పడగానే
ఎవరో నోరు మూసినట్టు ఆగిపోయింది.
నాలుగులో మళ్ళీ మొదలు.

వాడి మొహం వెలిగింది.
"మూడులో బాగుంది కదన్నా, మూడులోనే తోలుకుంటా!"

ఎట్లా చెప్పేది వీడికి?
మూడులో ఏదీ బాగుపడలేదురా.
నడిమి చక్రం, దాని చుట్టూ తిరిగే పిల్లచక్రాలు,
అందర్నీ చుట్టుకున్న పెద్ద వలయం
ఒకదాన్నొకటి కరుచుకుని ఒకే ముద్దగా తిరుగుతాయి.
పన్ను మీద పన్ను జారదు,
అందుకని ఎవరి అరుగుదలా బయటపడదు.
మా రూములో పన్నెండు మందిమి
శుక్రవారం మధ్యాహ్నం నిద్రపోతామే, అట్లా.
లేచి బాత్రూము ముందు నిలబడ్డాకే కదా
ఎవరెంత అరిగారో తెలిసేది.

పాన్ దించా.
దానిమ్మ రసంలా ఉండాల్సిన ఆయిలు
డికాషనై, మాడిన వాసనతో జారింది.
అయస్కాంతం మీద బూడిదరంగు నూగు.
అది మామూలే, వయసొచ్చిన ఏ బండికైనా ఉంటుంది.
వేలితో తుడిచా.
గుచ్చుకుంది.
నువ్వుగింజలో సగం ఉంటుంది ఉక్కుముక్క,
ఒక వైపు అద్దం, ఇంకో వైపు విరిచిన బెల్లంలా గరుకు.
పన్ను కొస.
పాన్ అడుగున ఇంకా, అయస్కాంతం పట్టించుకోని
పసుపు తళుకులు. లోపల ఇత్తడి వాషర్లు కూడా పోతున్నాయి.

పదకొండుకి బాబా వచ్చాడు. కారు దిగుతూనే
హిందీ డ్రైవరు పాడు చేశాడు, జీతంలో పట్టుకుంటానన్నాడు.
ఓబులేసు నేల చూస్తున్నాడు.
వాడు ఆ ఇంట్లో చేరి నాలుగు నెలలు.
నేను వెనక బంపరు దగ్గరికి నడిచి
ఆ కొక్కెం గుండు మీద చెయ్యేశా.
రంగంతా పోయి వెండిలా మెరుస్తోంది,
ఎన్ని వేసవులు పడవని ఈడ్చిందో,
ఎన్ని చలికాలాలు ఎడారి గుడారాలకి సామాను లాగిందో.
ముక్కలు ముక్కల అరబ్బీలో అన్నా:
"బాబా, ఇది నాలుగు నెలల అరుగుడు కాదు.
ఇది పడవ."

అరచేతిలో పన్ను కొస పెడితే
ఎండకి అటూ ఇటూ తిప్పి చూశాడు.
వాళ్ళబ్బాయి పేరు ఏదో గొణిగినట్టుంది,
నా ఎడమ వైపు నిలబడ్డాడు, సరిగా వినబడలేదు.
ముక్క నాకిచ్చేసి, ఎంతవుతుందని అడిగి,
టిష్యూతో చెయ్యి తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

"ఏమన్నాడన్నా?"
"ఏమీ అనలేదు."
వాడి మొహం మళ్ళీ వెలిగింది.

నేను ఆ ఉక్కుముక్కని సిగరెట్ కాగితంలో మడిచి
వాడి చొక్కా జేబులో పెట్టి బొత్తాం వేశా,
ఒకటో తారీకు దాకా పారేసుకోవద్దని చెప్పి.